పెన్‌డ్రైవ్‌లో పట్టని వీడియో

అన్నా,

ఈ రోజు అమావాస్య. మన నగరిలో మరమగ్గాలన్నీ నిలిపేసినారు. నువ్వు పోయినాక బీరువాలో పెట్టిన నీ హార్డ్‌డిస్కు తీసుకొని తిరుపతికి పోయినాను. నీ చీరల డిజైన్లు నా ల్యాప్‌టాప్‌లోకి మార్చుకోవాల. ఇంట్లో తగిలించినప్పుడల్లా అది "ఫార్మాట్ చేయాలా?" అనే అడగతాది. "ఏమడిగినా వద్దను" అని నువ్వు చెప్పినావు కదా, వద్దనే నొక్కతా వచ్చినాను.

ఆడ కంప్యూటర్ షాపాయన, నా ల్యాప్‌టాప్ చదవలేని నీ డిస్కును వాళ్ల కంప్యూటర్‌లో తెరిచినాడు. డిజైన్లన్నీ నా పెన్‌డ్రైవ్‌లోకి, ఆడనుంచి ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసినాయి. ఒక్క వీడియో మాత్రం ఎక్కలేదు.

"జాగా ఉండాదమ్మా. కానీ ఈ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ పాతది, ఇంత పెద్ద ఫైలు పట్టదు" అన్నాడు.

ఆ వీడియో ఆడనే తెరిచి సూసినాము. నువ్వు అది తీసిందీ ఒక అమావాస్య రోజే. మగ్గాల చప్పుడు లేక నీ మాట తేటగా వినిపిస్తా ఉండాది. చీర అంచుకు పువ్వు ఎట్ల గీయాలో నాకు నేర్పించాలని మొదలుపెట్టి, "పాపా, ఈడికొచ్చి సూడు" అని పిలిచినావు. "వస్తా, ఉండన్నా" అని వంటింట్లోంచి నా గొంతు.

నేను రాలేదు. నువ్వు రికార్డింగ్ ఆపలేదు. మౌసు మీద చెయ్యి పెట్టుకొని, వంటింటి వైపు సూస్తా కూర్చున్నావు. ఫైలు అంత పెద్దదయింది అందుకే.

"ఊరికే కూర్చున్నదంతా కోసేస్తే పట్టేస్తాదమ్మా. కోసేదా?" అని షాపాయన అడిగినాడు.

వద్దన్నాను. పెన్‌డ్రైవ్‌నే తుడిచేసి కొత్తగా ఫార్మాట్ చేయించి, నువ్వు ఎదురుసూసిందంతా ఇంటికి తెచ్చుకున్నాను.