నువ్వు పట్టుకోని పలకలు

రాజవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బిడ్డ స్వరూప కాన్పుకని అత్తగారి ఊరు బాల్కొండ నుంచి వచ్చింది. నిన్న నా పక్కన కూర్చుని, "బాపు, నా బిడ్డకు తొట్టెల నువ్వే చెయ్యాలె" అన్నది.

నువ్వు పోయాక నేను వడ్రంగంలో మరమ్మతులు తప్ప వేరే పని పట్టలేదు. రెండు చెక్క పలకలు అతికేటప్పుడు, పచ్చి జిగురు మీద క్లాంపు మర బిగిస్తే అవి జారతాయి కదా. నువ్వు ఎదురుగా కూర్చుని రెండు అరచేతులతో అదిమి పట్టేదానివి. మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరి వచ్చిన నీ చేతుల రంగు టేకు చెక్కకు అంటుకునేది. "చేతులు గుంజుతున్నయి, మొలలు కొట్టరాదా" అనేదానివి. "నువ్వుండంగ మొలలెందుకే" అని నేను నవ్వేవాణ్ణి.

ఈరోజు ఆ ఉయ్యాల పలకలను ఒక్కడినే బిగించాను. పలక జారింది. జిగురు తుడిచి మళ్లీ పెడితే మళ్లీ జారింది. స్వరూప నిండు కడుపుతో వంగబోయింది.

"నేను పట్టుకుంట బాపు."

"వద్దు బిడ్డా, లోపలికి పో."

నీ చోట ఇంకెవరినీ కూర్చోబెట్టలేకపోయాను.

చివరికి ఒక పలక అంచులో రెండు సన్న ఇనుప మొలలు సగం దాకా కొట్టి, వాటి తలలు కత్తిరించి, రెండో పలకను వాటి మీద అదిమాను. మొనలు చెక్కలో దిగాయి. ఎంత బిగించినా పలకలు కదల్లేదు.

మాపటికి క్లాంపు విప్పితే అతుకు ఎక్కడుందో కనబడలేదు. స్వరూప చేత్తో తడిమి చూసి, "అమ్మ పట్టినట్టే వచ్చింది బాపు" అని మురిసిపోయింది. నేను తలూపాను.

నువ్వు పట్టకుండానే ఇంత బాగా కుదిరే బదులు, వంకరగా వచ్చినా బాగుండేదనిపించింది, రాజవ్వా.