బ్యాటరీ బండికి పెట్టిన బొట్టు

నరసాపురంలో డీజిలు పొగ మధ్య క్షేమంగా ఉన్న అన్నయ్యకి, ఫిల్మ్‌నగర్‌లో పొగ లేకుండా క్షేమంగా ఉన్న చెల్లెలు పద్మ నమస్కరించి రాసేది.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వదిన దగ్గు తగ్గిందా? పిల్లలు బాగా చదువుతున్నారా? నా గురించి బెంగ పెట్టుకోకండి. వేళకి తింటున్నాను. ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుతావని తెలుసు. ఫోన్లో అయితే నేను "బ్యాటరీ" అనగానే "ఆ బొమ్మ కారేనా?" అంటావు, ఇక నన్ను మాట్లాడనివ్వవు. కాగితానికి నువ్వు అడ్డం రాలేవు. అందుకని మొత్తం చదువు. వదినకీ అమ్మకీ గట్టిగా చదివి వినిపించు. నేను గెలిచాను అన్నయ్యా, ముందే చెప్పేస్తున్నాను.

సినిమా కంపెనీలో బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని కారు డ్రైవర్ని ఎలా అయ్యానో నీకు తెలిసిందే. వేసవిలో మా కంపెనీవాళ్లు నటీనటుల్ని తిప్పడానికి ఒక కరెంటు కారు తెచ్చారు. దాన్ని నడపడానికి మగ డ్రైవర్లెవరూ ముందుకు రాలేదు. నేను వెళ్లి మా మేనేజరు భాస్కరం గారిని అడిగాను. ఆయనది భీమవరం. మనవైపు ఆడపిల్లని కాబట్టి కాదనలేకపోయాడు గానీ, షరతు మాత్రం పెట్టాడు. "చూడమ్మా, ఒక్కసారి దారిలో ఆగిందనుకో, లొకేషన్లో యూనిట్టంతా ఆగిపోతుంది. అదే జరిగితే కారు వెనక్కి పంపించేస్తాను. నువ్వు మళ్లీ ఇస్త్రీ బల్ల దగ్గరికే" అన్నాడు. అప్పటినుంచి ఆ మాట నా నెత్తి మీద కూర్చునే ఉంది.

మొదటి రోజు నేను పడ్డ అవస్థ చెప్తే నవ్వుకుంటారు. బటను నొక్కాను, చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను, లేదు. బండి చెడిపోయిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అది అప్పటికే స్టార్టయి ఉందట! డీజిలు వ్యాను నడిపే యాదగిరి, బోరబండ మనిషి, గోడకి ఆనుకుని ఒకటే నవ్వు. "ఏందక్కా, బండి పండుకుందా? జర జోల పాడు" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాత నేర్చుకున్నాను. కారుతో ఇచ్చిన పుస్తకం చదివాను, అర్థం కానివి సర్వీసు కుర్రాడికి ఫోన్లు చేసి విసిగించాను. రోజూ తిరిగే తిరుగుడికి ఛార్జింగు ఎనభై శాతం దగ్గర ఆపేస్తాను. ఇరవై కిందకి దిగనివ్వను. దూరం వెళ్లాలంటేనే ముందు రోజు నూరుకి నింపుతాను. మండుటెండలో తిరిగొచ్చిన బండిని కాసేపు నీడన ఉంచి, చల్లబడ్డాకే ప్లగ్గు పెడతాను. భాస్కరం గారికి మాత్రం ఆ ఎనభై చూస్తే ప్రాణం ఉసూరుమనేది. "నిండుగా ఉంచొచ్చుగా అమ్మా, అరకొరగా ఏంటిది, మంచిది కాదు" అని రోజూ గొణుగుడే. "మీరు రోజూ పీకల దాకా తిని పడుకుంటారా సార్?" అని అడిగాను. అప్పట్నుంచి గొణుగుడు మనసులో పెట్టుకున్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. దసరాకి మా ఆఫీసులో ఆయుధ పూజ చేశారు. మనూళ్లో నువ్వు స్పానర్లకి, జాకీకి చేస్తావు చూడు, ఇక్కడ కెమెరాలకి, లైట్లకి, జనరేటరుకి, బండ్లన్నిటికీ చేస్తారు. అందరికంటే పెద్దావిడ చేత బొట్టు పెట్టించడం మా యూనిట్టు ఆనవాయితీ. ఆవిడ కనకరత్నం గారు. నలభై ఏళ్లుగా తల్లి వేషాలు వేస్తున్నారు. ఆవిడ్ని తిప్పేది నేనే. కెమెరా కంటికి బొట్టు పెట్టబోతే కెమెరావాళ్లు పరుగున వచ్చి పక్కన పెట్టించుకున్నారు. జనరేటరుకి పెట్టారు, వ్యానులకి పెట్టారు, నా కారు దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, దీనికి నోరెక్కడే?" అని అడిగారు.

నాకేమో గర్వం. ముందువైపు మూత తీసి, "ఇక్కడ పెడితేనే తింటుందండీ" అని ప్లగ్గు పెట్టే కంతలు చూపించాను. ఆవిడ మురిసిపోయి, గిన్నెలో కలిపిన పసుపు మూడు వేళ్లతో తీసి ఆ కంతల మీదే దట్టంగా పట్టించారు. పైన కుంకుమ. పండగ పూట పెద్దావిడ బొట్టు పెడుతుంటే వద్దని ఎలా అంటాం? అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. పూజయ్యాక గుడ్డతో పైపైన తుడిచి, ప్లగ్గు తగిలించి గదికి వెళ్లిపోయాను. మర్నాడు వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో షూటింగు. నిండా ఎక్కుతుందిలే అనుకున్నాను.

పొద్దున వచ్చి చూస్తే ఛార్జరు మీద ఎర్ర లైటు. ఒక్క అంకె ఎక్కలేదు. అరవై దగ్గర అలాగే ఉంది. ప్లగ్గు పీకి చూస్తే, పసుపు కంతల్లోకి దిగి గట్టిగా ఎండిపోయి కూర్చుంది.

తల్లో పిన్ను తీశాను, గోకేద్దామని. యాదగిరి పట్టుకుని ఆపాడు. "ఏయ్ అక్కా, పిచ్చా ఏంది? అండ్ల పిన్ను పెడ్తవా? ముందుగాల సర్వీసోనికి ఫోన్ కొట్టు" అన్నాడు. ఆ మాటకి మాత్రం వాడికి రుణపడ్డాను. సర్వీసు కుర్రాడు ఫోన్లో, "ఫికర్ చెయ్యకు, బండి నడుస్తది. ప్లగ్గు మాత్రం పెట్టకు. నీళ్లు కొట్టకు, ఏం పెట్టి గోకకు. సాయంత్రం నేనొచ్చి సాఫ్ చేస్తా" అన్నాడు.

బండి నడుస్తుంది. కానీ దారిలో ఛార్జింగు స్టేషన్లు ఎన్నుంటే ఏం లాభం, అక్కడ పెట్టేదీ ఆ కంతల్లోనే కదా. ఉన్న అరవైతోనే వెళ్లాలి, రావాలి. భాస్కరం గారు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "నేను ముందే చెప్పానా లేదా? యాదగిరీ, వ్యాను తియ్యి" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఇస్త్రీ పెట్టె వేడి అరచేతికి తగిలినట్టే అనిపించింది. అయినా నోరు మూసుకుని ఊరుకుంటే నీ చెల్లెల్ని ఎలా అవుతాను? ఇన్ని నెలలుగా ఏ దారికి ఎంత తింటుందో నాకు తెలుసు. "వెళ్లి రావడానికి సరిపోతుంది సార్, మిగులుతుంది కూడా" అన్నాను. ఆయన నమ్మలేదు.

అప్పుడు కనకరత్నం గారు చేతిసంచీ పట్టుకుని వచ్చి, తిన్నగా నా కారెక్కి కూర్చున్నారు. "బొట్టు పెట్టింది నేను. ఆగితే నాతోనే ఆగుతుంది. నువ్వు పోనీవే" అన్నారు.

పోనిచ్చాను. అదరగొట్టలేదు, ఎవరితోనూ పందెం వెయ్యలేదు. కోడిగుడ్ల బుట్ట ఒళ్లో పెట్టుకున్నట్టు నడిపాను. ముందు సిగ్నలు దగ్గర ఎర్ర లైటు దూరంగా కనపడగానే కాలు తీసేసేదాన్ని. అలా కాలు తీసినప్పుడల్లా చక్రాల ఊపు కాస్త కరెంటై బ్యాటరీలోకి తిరిగి వెళ్తుంది. నీ డీజిలు బండి బ్రేకు వేస్తే డీజిలు ట్యాంకులోకి వెనక్కి వెళ్తుందా, చెప్పు? ఏసీ కూడా ఆవిడే ఆపించారు. "నాటకాల రోజుల్లో లారీ మీద మైకు పెట్టెల మధ్య పడుకుని తిరిగాను, నాకెందుకే ఏసీ" అని అద్దం దించి, దారి పొడవునా పద్యాలు అందుకున్నారు. యాదగిరి వ్యాను మా వెనకే వచ్చింది. మేము ఆగితే ఆవిడ్ని ఎక్కించుకోవడానికని భాస్కరం గారే పంపాడు. అద్దంలో అది కనపడినప్పుడల్లా నాకు పట్టుదల పెరిగింది.

చెప్పిన వేళ కంటే ముందే చేరాం. సాయంత్రం తిరుగు ప్రయాణంలో కొండ దిగుతున్నాం, ఆవిడ నా భుజం మీద ఒక్క దెబ్బ వేశారు. "ఒసేయ్! అంకె పెరిగిందే!" నిజమే. దిగుడులో ఒక అంకె పెరిగింది. డెబ్బై ఏళ్ల మనిషి చిన్నపిల్లలా కేరింతలు కొట్టారు. నేనూ అరిచాను. ఒక్క అంకెకి అంత సంబరం పడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఫిల్మ్‌నగర్ చేరేసరికి ఇంకా పదిహేను మిగిలింది. సర్వీసు కుర్రాడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. కరెంటు పూర్తిగా తీసేసి, తన దగ్గరున్న మందేదో కొట్టి, మెత్తటి బ్రష్షుతో పసుపంతా తీశాడు. ప్లగ్గు పెడితే ఆకుపచ్చ లైటు. భాస్కరం గారు ఆ లైటు వంక చూశాడు, నా వంక చూశాడు, డ్రైవర్లందర్నీ పిలిచాడు. "వచ్చే నెల ఇలాంటివే ఇంకో రెండు వస్తున్నాయి. వాటి ఛార్జింగు, బ్యాటరీ సంగతి పద్మగారు చెప్పినట్టు చెయ్యండి" అన్నాడు. విన్నావా అన్నయ్యా? పద్మగారట! యాదగిరి మెల్లగా పక్కకి వచ్చి, "అక్కా, నాకు గూడ నేర్పుతవా?" అన్నాడు. నేర్పుతానన్నాను. ముందు జోల పాడి వినిపించమన్నాను.

గదికి వచ్చాక మాత్రం కాసేపు ఏడుపొచ్చింది. అంత సంతోషంలో చెప్పుకోవడానికి పక్కన మనవాళ్లెవరూ లేరు. అది కాగితం తీసేదాకానే, ఇప్పుడు బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను, అమ్మకి ఆ ముక్క చదవకు.

వదినని ఎండు రొయ్యలు కొంచెం గట్టిగా మూట కట్టి పంపమను. మా ఇంటి ఓనరు ముక్కు చాలా చురుకు. అమ్మకి నా పాదాభివందనాలు, మావయ్యగారికీ అత్తకీ నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నీ దీవెన మాత్రం ఈసారి ఎగతాళి కలపకుండా పంపు.

స్పేరు పార్టులు కొనడానికి వచ్చే నెల హైదరాబాదు వస్తానన్నావుగా. స్టేషను బయట ఆటో మాట్లాడకు, సెలవు పెట్టి నేనే వస్తాను. డ్రైవింగు నేర్పిన రోజుల్లో నా పక్కన కూర్చుని, హ్యాండు బ్రేకు మీంచి చెయ్యి తీసేవాడివి కాదు. ఈసారి వెనక సీట్లో కూర్చో. నిద్ర వస్తే పడుకో.

ఇట్లు,
నువ్వు స్టీరింగు పట్టించిన నీ చెల్లెలు,
పద్మ