గౌస్ ఎత్తని చెయ్యి

ఆళ్లగడ్డ,
శుక్రవారం.

బాబ్జాన్ బావకు గౌస్ సలాం.

నంద్యాలలో మీ అమ్మాయి షబానా ఇంటికి చేరాక ఒళ్లు కాస్త కుదుటపడిందని అక్క ఫోన్ చేసింది. నీతో ఫోన్లో చెప్పే సంగతి కాదిది. అందుకే ఈ కాగితం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

నిన్న ఆటో స్టాండులో మన యూనియన్ మీటింగు పెట్టాం. బుధవారం బడిపిల్లలతో పోతూ నీకు స్పృహ తప్పి, ఆటో కాలువ గట్టు మీది కంకర కుప్పకు తగిలి ఆగింది కదా. బ్రేకు ఫెయిలైందని తల్లిదండ్రులకు చెప్పాలట, సోమవారం నుంచి మళ్లీ నువ్వే పిల్లల్ని తీసుకెళ్లాలట. "మనోడప్పా. మనం కాకపోతే ఎవరు కాస్తారు?" అన్నాడు సెక్రటరీ రాజశేఖర్. ముప్పై మందీ చేతులెత్తారు. ప్రెసిడెంటునై ఉండి నేనొక్కణ్నే ఎత్తలేదు.

అప్పటి నుంచి భయం పట్టుకుంది బావా. నేను టీ కొట్టుకు పోతే మనవాళ్లు లేచి పక్క బల్లకు పోతున్నారు. "సొంత బావ పొట్టే కొడతాండాడు, రేపు మనల్ని వదుల్తాడా?" అని ఇర్ఫాన్ నాకు వినబడేటట్టే అన్నాడు. అక్క ఇక గడప తొక్కనివ్వదేమో. వీటన్నిటికన్నా, కళ్లు మూస్తే ఆ ఎనిమిది మంది పిల్లలే కనబడుతున్నారు. ఆ కంకర అక్కడ లేకపోయుంటే?

చేతులు లెక్కపెట్టి ఆ తీర్మానం మీద సంతకం చేయలేను. నీ మాట వినాలి, డాక్టరేమన్నాడో తెలియాలి, పిల్లల్ని మనకప్పగించిన వాళ్లనూ అడగాలి. ఆ తర్వాత నేను తేల్చేది నీకు వ్యతిరేకంగానే ఉండొచ్చు. ఎందుకో మాత్రం నీ ముఖం చూసే చెప్తాను. ఆదివారం వస్తావా? లేదంటే జరిగింది రాయి. తిట్టినా సరే.

నీ బామ్మర్ది,
గౌస్

నంద్యాల,
శనివారం.

గౌసూ,

మీ అక్క నీ మీద మండిపడుతోంది. నేను మాత్రం రేపు వస్తున్నాను.

మనవాళ్లకు నా మీద ప్రేమే, కాదనను. ఒకడి తర్వాత ఒకడు ఫోన్ చేసి "నీకేం కాదప్పా, మేముండాం" అన్నారు. అసలేమైందని ఒక్కడూ అడగలేదు. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. బుధవారం జరిగింది మూడోసారి. ముందు రెండుసార్లూ బండి ఖాళీగా ఉంది. ఇక తోలొద్దని డాక్టరు ఆర్నెల్ల కిందటే చెప్పాడు. మానేస్తే తినేదేందని మీ అక్కకు కూడా చెప్పకుండా దాచాను. ఆనాటి నుంచి పిల్లల్ని ఎక్కించుకున్నప్పుడల్లా గట్టుకు దూరంగా, నిదానంగా తోలేవాణ్ని. చివరి పిల్ల దిగిందాకా తలలు లెక్కపెట్టుకుంటూనే ఉండేవాణ్ని. ఎవరైనా నన్ను ఆపితే బాగుండునని రోజూ అనుకున్నాను, నా అంతట నేను ఆగలేకపోయాను.

రేపే ఆ పిల్లల తల్లుల్ని స్టాండుకు పిలిపించు. ఇదంతా వాళ్ల ముందు నా నోటితోనే చెబుతాను. వాళ్లేమంటారోనని భయంగానే ఉంది. అయినా రేపు నువ్వు నా పక్కన కూర్చోవద్దు గౌసూ. ప్రెసిడెంటు కుర్చీలోనే కూర్చో.

నీ బావ,
బాబ్జాన్