విరిగిన సూది మొన

మార్చి 14

బావకి,

నువ్వూ చెల్లెమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తూ, మేమూ ఇక్కడ బాగానే ఉన్నామని ముందుగా తెలియజేస్తున్నాను. నాలుగేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కవరు అటూ ఇటూ తిప్పి ఉంటావు. నేనే.

కోటు కాలిన గొడవలో నువ్వు టేపు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాక, మన టైలరింగు కొట్టుని రెండేళ్ళు ఎలాగో లాక్కొచ్చాను. నా సంగతి నీకు తెలియందేముంది. ఎవరొచ్చినా 'రేపు రండి' అనేవాణ్ణి. నన్ను రేపు మాస్టారని ఎగతాళి చేసినవాళ్ళు కూడా చివరికి రావడం మానేశారు. ఇప్పుడు ఆసుపత్రి కుట్టుగదిలో పని. ఆపరేషన్ గదికి గౌన్లూ దుప్పట్లూ కుడతాం. ఇన్‌చార్జి మా పెద్దదాని ఈడు పిల్ల.

మొదటిరోజే నా నోట్లో గుండుసూదులు చూసి, "మాస్టారూ, ముందు అవి బయట పెట్టండి" అంది. ముప్పై ఏళ్ళ పనివాణ్ణి పట్టుకుని ఇంత మాటా అని ఒళ్ళు మండింది. మర్నాడూ నోట్లోనే పెట్టాను, మర్నాడూ అదే మాట అంది. చివరికి నా మిషనుకి ఒక అయస్కాంతం అతికించి, "గుండుసూదులు దీనికే పెట్టండి. ఈ నెలంతా ఇదొక్కటే. మిగతావేవీ మార్చుకోకండి" అంది. ఒక్కటే కదా అని మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి చెయ్యి దానంతటదే అటు పోతోంది. తర్వాతది, ఎవరేమడిగినా ఏ గంటకిస్తానో చెప్పాలి. దానికి రెండు నెలలు పట్టింది, నవ్వకు.

ఆ తర్వాతది సూది. విరిగితే ముక్కలన్నీ వెతికి పుస్తకంలో అతికించాలి. అప్పుడే కొత్త సూది ఇస్తారు. పోయిన మంగళవారం నాలుగింటికి నాది విరిగింది. రెండు ముక్కలు దొరికాయి, మొన లేదు. ఐదింటికి పైకి వెళ్ళాల్సిన నలభై దుప్పట్లు నా పక్కనే పేర్చి ఉన్నాయి. ఎవరూ చూడలేదు. బావా, మన కొట్టులో అయితే ఒకసారి దులిపి మళ్ళీ మిషను తొక్కేవాణ్ణి. ఆ రోజు ఆలోచించను కూడా లేదు, పని ఆపమని చెయ్యి లేచింది. మొన దొరకలేదు, దుప్పట్లు పంపొద్దని చెప్పాను.

ఐదింటికి పైనుంచి నర్సమ్మ దిగి వచ్చి గట్టిగానే కేకలేసింది. మా ఇన్‌చార్జి, "మాస్టారు ఆపమన్నారు. దొరికేదాకా ఒక్కటీ కదలదు" అంది. నన్ను చూపించి అలా ఎవరైనా అనడం నా జన్మలో అదే మొదలు. అందరం కలిసి దుప్పట్లు విప్పి, మడత మడతకీ అయస్కాంతం తిప్పాం. ఐదూ నలభైకి పదకొండో దుప్పటిలో టిక్కుమంది. బియ్యపు గింజలో సగం కూడా లేదు. నర్సమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇది రోగి వీపు కిందకి వెళ్ళేది" అని స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఈ వారం కొత్తగా చేరిన ముగ్గురికి పని నేర్పేది నేనే. ఇంట్లోనే కుట్టుకుంటున్నావని విన్నాను. ఇక్కడ కటింగుకి మనిషి కావాలి. కత్తెర పట్టుకుంటే నీ తర్వాతే ఎవరైనా అని చెప్పేశాను. సోమవారం పదింటికి రా. గేటు దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మూడో మిషను దగ్గర నుంచి,
నీ బావ

తా.క.: అసలు కూర్చుంది ఈ ముక్క రాయడానికి. కోటు కాలిన రోజు నువ్వు ఒంటిగంటకే ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి భోజనానికి వెళ్ళావు. తర్వాత నా చొక్కా ఇస్త్రీ చేసుకుని, పెట్టెను కోటు మీదే వదిలేసి వెళ్ళింది నేను. ఆ కోటు ఆయన ముందు నీ పేరు చెప్పినప్పుడు నాకా సంగతి తెలుసు. నిన్న ఆయన ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక కొత్త కోటు తెచ్చి చూపించాడు. చేతి కుట్టు చూడగానే నీదని తెలిసింది. నాలుగేళ్ళుగా నీ దగ్గరే కుట్టిస్తున్నాడట. కాలిన కోటు సంగతి ఒకసారి అడిగితే, "అదయిపోయింది, చెయ్యి చాపండి, కొలత తీసుకోవాలి" అన్నావట.