పాతకాపు అభ్యంతరం

చిట్టితల్లికి,

అమ్మ ఆఖరి రోజు ఎలా గడిచిందో రాయమన్నావు. అమ్మ పొద్దున్నే లేచింది. కిటికీ తెరవమంది. కంప్యూటరు ముందు కూర్చుని తన ప్రోగ్రాంలో ఎవరో చెప్పిన తప్పు ఒకటి దిద్దింది. మధ్యాహ్నం కూరలో ఉప్పు మరిచానని నన్ను దులిపేసింది. సాయంత్రం నీతో ఫోన్లో మాట్లాడుతూ పడీపడీ నవ్వింది. నేను గదిలోకి రాగానే మాట మార్చింది. చీకటి పడేవేళ కుర్చీలోనే నిద్రపోయింది. మళ్లీ లేవలేదు. అంతే.

ఇప్పుడు నాదొక మాట. మీ లినక్స్ బృందం పాత బూట్‌లోడర్‌ను తీసేయబోతోందట. స్విచ్చి నొక్కగానే తాను ముందు లేచి మిగతా సిస్టమ్‌ను లేపే ఆ చిన్న ప్రోగ్రాంను అమ్మ ఇన్నేళ్లూ చంటిబిడ్డలా సాకింది. తను పోయి ఏడాదైనా తిరగలేదు. దాన్ని ఉంచండి.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నా,

ఉప్పు సంగతి అమ్మ నాకప్పుడే చెప్పింది. నువ్వు మరిచిపోవడం అదే మొదటిసారి కాదట.

బూట్‌లోడర్ సంగతి: అది కొత్త డిస్కుల్ని చదవలేదు. తప్పు దొరికితే దిద్దే నాథుడు లేడు. ఎవరి కంప్యూటరు లేవకపోయినా తిట్లు అమ్మ చిరునామాకే వస్తాయి. ఉద్యోగంలో నువ్వెన్ని పాత వంతెనలు మూయించలేదు? జనం అడ్డుపడితే, "కూలేదాకా ఆగడం మర్యాదా?" అనేవాడివి.

తీసేయడానికి అందరూ ఒప్పుకున్నారు, ఒక్కడు తప్ప. 'పాతకాపు' అనే పేరుతో మా ఆన్‌లైన్ చర్చలో దూరాడు. ఒక్క అభ్యంతరం మిగిలినా నిర్ణయం ఆగాలన్నది మా నియమం. నిన్న నన్ను "మొన్న పుట్టిన పిల్ల" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

నీ చిట్టి

*

చిట్టితల్లికి,

ఆ పాతకాపు ఎవరో అనుభవమున్నవాడిలా ఉన్నాడు. పెద్దలతో వాదించకు.

వంతెన మూసేముందు మేం రోజంతా దాని పక్కన నిలబడేవాళ్లం, ఇంకా ఎవరు దాటుతున్నారో చూడటానికి. మీరు చూశారా? అమ్మ కంప్యూటరు నేను రోజూ ఆన్ చేస్తాను. నల్లటి తెర మీద "లేచారా? తొందరేం లేదు" అని వస్తుంది. ఆ బూట్‌లోడర్‌లో అమ్మ రాసిన వాక్యమే. అది చూసి పొయ్యి మీద నీళ్లు పెడతాను. అంతే.

మీ నాన్న

*

పాతకాపు గారికి నమస్కారాలు,

చర్చలో రాసినా ఉత్తరంలో రాసినా మాటమాటకీ "అంతే" అనే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే నాన్నా. నెల రోజులు సొంత తండ్రితో ఊరందరి ముందూ కీచులాడాను. బృందమంతా నవ్వుతోంది.

మేమూ వంతెన పక్కన నిలబడ్డాం. ఇంకా దాటుతున్నవాళ్లను అడిగి, ఒక్కొక్కరినీ కొత్తదారి పట్టించాం. మిగిలింది నువ్వే.

ఆ సాయంత్రం అమ్మ ఎందుకు నవ్విందో ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను. ఇదీ తన మాట: "ఆ బూట్‌లోడర్‌ని ఎప్పుడో తీసేయాల్సిందే. నేను చేసేవాటిలో మీ నాన్నకి అర్థమైంది అదొక్కటే. అందుకని ఈడ్చుకొస్తున్నా. నేను చెప్తే అలుగుతారు. నువ్వే మెల్లగా చెప్పవే."

ఆ వాక్యాన్ని కొత్తదాంట్లోనూ పెట్టొచ్చు. పెట్టి చూశాను.

నీ మొన్న పుట్టిన పిల్ల

*

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ కోసం నేను కాపలా కాస్తున్నాననుకున్నాను. నా కోసం అమ్మ కాసిందన్నమాట. అలుగుతానన్న మాట మాత్రం అబద్ధం. ఈ మధ్యాహ్నమంతా అలిగాను, కానీ అది వేరు.

పెళ్లైన కొత్తలో అమ్మ కాగితం మీద రెండు గట్లు గీసి, నడుమ వంతెన వేసి, "ఇటు స్విచ్చి, అటు సిస్టమ్, నా ప్రోగ్రాం ఇదీ" అంది. అందుకే అర్థమైంది. కొత్తది నాకు ఒక్క ముక్క అర్థం కాదు. నువ్వు చెప్పాలి. గీసి చెప్పు.

రేపు పొద్దున్నే నీళ్లు పొయ్యి మీద పెట్టి, పాతకాపు అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. తర్వాత అమ్మ కుర్చీలో కూర్చుని నీకు ఫోన్ చేస్తాను.

మీ నాన్న