గొంతుకు గొట్టమా, కంచంలో కోతా

విజయవాడ, వన్ టౌన్

ప్రియమైన అమ్మకు,

సరోజ నమస్కారాలు. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందా? మేమంతా క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీ అల్లుడుగారి సంగతి చదివాక ఆ మాట నమ్మాలో వద్దో నువ్వే చూసుకో.

పామర్రు వదిలి ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది. బట్టల కొట్లో పొద్దస్తమానం పరుపు మీద కూర్చునే ఉద్యోగం, సాయంత్రమైతే మిఠాయి పొట్లం. ఆయన బాగా లావయ్యారు. గురకంటే సరే, మధ్యలో ఊపిరే ఆగిపోతోంది. నేను కుదిపితే గుటకేసి మళ్ళీ అందుకుంటారు. పగలేమో బేరానికొచ్చిన వాళ్ళ ముందే తూగుతారు. కిందటి నెల పాపను సైకిల్ మీద బడికి తీసుకెళ్తూ, తొక్కుతూనే కునుకు తీసి తోపుడుబండిని గుద్దేశారు. పాప పన్ను విరిగింది. పాలపన్నేలే, కంగారుపడకు.

ఏడ్చి మొత్తుకుని డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్ళాను. కొవ్వు పెరిగి నిద్రలో గొంతు మూసుకుపోతోందన్నారు. ఒళ్ళు తగ్గాలట. తగ్గకపోతే మద్రాసు వెళ్ళి, గొంతుకు చిల్లు పెట్టించుకుని గొట్టం వేయించుకోవాలట.

"గొట్టమే వేయించేద్దామండీ, ఒక్కరోజుతో పోతుంది" అన్నారు మీ అల్లుడుగారు! గొంతు కోయించుకుంటారు గానీ మారు అన్నం మానరట. వారం రోజులు వాదించాను. "నా తిండి మీద నీ ఏడుపేంటే?" అని నన్నే కసిరారు.

చివరికి డాక్టరుగారే గొట్టం ఉన్న ఒక పెద్దాయనను చూపించారు. వేలితో గొట్టం మూసుకుంటే గానీ ఆయనకు మాట రాదు. "గొట్టంలోకి నీళ్ళు పోతాయని కృష్ణలో మునిగి ఎన్నాళ్ళయిందో బాబూ" అన్నాడు బొంగురుగా. మర్నాటి నుంచి ఈయన కొట్టుకు నడకే. మారు అన్నం లేదు, మిఠాయి లేదు.

అంతలో నీ సున్నుండల డబ్బా! "అల్లుడు చిక్కిపోయాడేమో" అని చీటీ కూడాను. చిక్కాలనే కదమ్మా నా బాధంతా! నేను బజారుకెళ్ళి వచ్చేసరికి తొమ్మిది మాయం. "మీ అమ్మ మనసు కష్టపెట్టలేక తిన్నానే" అన్నారు. నీకు దణ్ణం పెడతాను, ఇంక పంపకు. చేతులు ఊరుకోకపోతే పెరట్లో చిక్కుళ్ళు పంపు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఆయన పడుకున్నారు. ఎంతసేపటికీ గురక లేదు. ఊపిరే ఆగిపోయిందనుకున్నాను. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి రెండు చేతులా కుదిపేశాను. కళ్ళు తెరిచి, "ఇన్నాళ్ళకు హాయిగా నిద్ర పట్టింది, ఎందుకు లేపావే?" అని విసుక్కున్నారు. అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

నాన్నగారికి, పెద్దమ్మకు మా ఇద్దరి నమస్కారాలు చెప్పు. పాప నీకు ముద్దులు రాయమంది. మమ్మల్ని దీవించు. ఆ దీవెనలో ఆయన ఆకలి కాస్త తగ్గాలని కూడా చేర్చు.

నీ కూతురు,
సరోజ