హ్రాని చదివించుకున్న సంధిపత్రం

కోటగోడ లోపలి అన్నయ్య బెర్ట్‌వుల్ఫ్‌కి, గోడ బయటి మఠం నుంచి చెల్లెలు వుల్ఫ్రన్ నమస్కరించి రాస్తున్నది.

నది దిగువన పొగ లేస్తోంది. మళ్ళీ దోపిడీకొచ్చే డేన్ల ఓడలే అయుంటాయి. మేం పందొమ్మిది మంది సన్యాసినులం, మాకున్న ఆయుధం ఒక్క ప్రార్థన గంట. నగరపెద్దవి నువ్వే కదా, వాళ్ళొచ్చేలోగా మమ్మల్ని లోపలికి రానియ్యి. నేను ఊరికే కంగారుపడుతున్నానేమో, అదీ తెలియదు.

నీ చెల్లెలు

తా.క.: మాలో ముసలి కునెబర్గ చప్పుడేమీ లేదంటోంది. పోయినసారి ఓడలొచ్చినప్పుడూ అదే అంది. ఆవిడకి చెవుడు.

*

చెల్లెలు వుల్ఫ్రన్‌కి ఆశీస్సులు.

పిచ్చిమొహమా, ఆ డేన్లు మనవాళ్ళే! వాళ్ళ నాయకుడు హ్రాని బాప్తిస్మం తీసుకున్నాడు, పక్కన నిలబడ్డ జ్ఞానతండ్రిని నేనే. వేరే డేన్లు వస్తే వాడు అడ్డుకోవాలని సంధి రాయించాం. ఇప్పుడు నువ్వు మూట నెత్తిన పెట్టుకుని లోపలికి పరిగెత్తుకొస్తే వాడు నొచ్చుకోడూ? కుదురుగా ప్రార్థన చేసుకో.

మీ అన్నయ్య

తా.క.: వాడికిది మూడో బాప్తిస్మం. కొత్త తెల్లబట్టలు పెడతారని ఊరూరా తీసుకుంటున్నాడట. అయినా భక్తి భక్తే.

*

ప్రియమైన అన్నయ్యా,

నిన్ను అనుమానించినందుకు సిగ్గుగా ఉంది. హ్రాని మనుషులొచ్చి మా తోట చుట్టూ గుంజలు పాతుతున్నారు. కాపలాకి కంచె కడుతున్నారని సంబరపడి బీరు పోశాం. ఒకడు నా గది కొలిచి "మంచం పడుతుంది" అన్నాడు. కాపలావాడికి మాత్రం నడుం వాల్చొద్దా, పాపం!

నీ చెల్లెలు

తా.క.: కునెబర్గ ఒకటే ఏడుపు. వాళ్ళ మాటలు వినపడవు కాబట్టి మొహాలు చూసింది.

*

చెల్లీ,

కంచే, కంచే! వాళ్ళడిగింది కాదనకు. ఈ వారం కోటద్వారం తెరవడం కుదరదు, గడియ బిగుసుకుపోయింది.

మీ అన్నయ్య

తా.క.: ఇక ఉత్తరాలు రాయకు. వచ్చినవాడికి చిన్న తలుపు తియ్యాల్సొస్తోంది.

*

నగరపెద్ద బెర్ట్‌వుల్ఫ్‌ గారికి,

నిన్న హ్రాని స్వయంగా వచ్చాడు. "జ్ఞానతండ్రి చెల్లెలివంటే నాకు మేనత్తవి. ఈ సంధి చదివిపెట్టు అత్తా. మీ అన్న చదివితే నమ్మను. నువ్వు దేవుడి మనిషివి, అబద్ధం చదవవు" అన్నాడు.

చదివాను. ముందు మనసులోనే. గోడ లోపలిదంతా నీకు. బయటి మఠం, తోట, "అందులో ఉన్నవాళ్ళతో సహా" హ్రానికి. కింద నీ ముద్ర. నాన్న పోయాక నన్నిక్కడ దిగబెట్టి, "ఇక్కడ నీ జోలికెవరూ రారు" అన్నది నువ్వే.

పైకి మొదటి ముక్క వరకే చదివాను. "ఊఁ, తర్వాత?" అన్నాడు హ్రాని. బయటి మఠం అన్నచోట నగరపెద్ద ఇల్లు అని చదివాను. మఠానికొచ్చిన ఇరవై ఏళ్ళలో తప్పు చదవడం ఇదే మొదలు. పాపమా కాదా, ఇంకా తేల్చుకోలేదు. వాళ్ళు గుంజలు పీక్కుని వెళ్ళిపోయారు. గురువారం మీ ఇంటికొస్తారట.

వుల్ఫ్రన్

తా.క.: "అందులో ఉన్నవాళ్ళతో సహా" అన్నది మాత్రం మార్చలేదు.